డాక్టరమ్మ దిండు

ఆమె పేరు నేను అడగలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో బస్సెక్కి, కవరు విప్పని కొత్త దిండును ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. డాక్టరట, పీజీ ముగించి ఈమధ్యే ఉద్యోగంలో చేరిందట. ఏళ్లుగా హాస్టళ్లలో, డ్యూటీ రూముల్లో పడుకున్న ఆమెకు సొంతానికొక టేకు మంచం కొనుక్కోవాలని కోరిక. జీతమేమో చదువు లోనుకే సరిపోతోంది.

"ఈ నెల కంతు ఆపేసి మంచం కొందామని అంగడి దాకా పోయినా అక్కా. ధైర్యం చాల్లేదు. దిండుతో వచ్చేసినా," అని నవ్వింది.

నేను బడి మానేసినా గ్రంథాలయం మానలేదు. ఆ గర్వంతోనే, "అప్పు తీరేదాకా కోరికలు ఆపుకోవాలని పుస్తకాల్లో చదివినా పాపా," అన్నాను.

"అది రాసినాయన నైట్ డ్యూటీ చేసినాడా అక్కా?"

అలా అడిగిన కాసేపటికే ఆమెకు నిద్ర పట్టేసింది. దిండు నలగకుండా రెండు చేతులా పట్టుకుని, తల మాత్రం నా భుజం మీద వాల్చింది.

నా స్టాపు దగ్గరపడింది. కండక్టర్‌ను సైగ చేసి పిలిచి, ఆమె దిగుతానన్న సర్జాపుర దాకా నాకూ ఆడవాళ్ల ఉచిత టికెట్ ఇంకొకటి ఇమ్మన్నాను.

"మీ చెల్లెలా?" అని కన్నడంలో గుసగుసగా అడిగాడు.

భుజం కదలకుండా అవునని తలూపాను.