గుర్రం మీద తడిసిన సంగతి

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున. బోయిన్‌పల్లి దాటాక ఒక ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు, దాని ముందు గిట్టలు తొక్కి తొక్కి గట్టిపడిన మట్టి. అక్కడ నేనొక తెల్ల గుర్రం మీద కూర్చుని ట్రాట్ నేర్చుకుంటున్నాను. ట్రాట్ అంటే నడకకూ పరుగుకూ మధ్య గుర్రం వేసే ఎగురు నడక. పైన కూర్చున్నవాళ్ళ ఒళ్ళు హూనమైపోతుంది. అంతలో రోడ్డు మీద బోనాల డప్పులు మొదలయ్యాయి. నా గుర్రం పెళ్ళి బరాత్‌లలో ఆడి అలవాటుపడింది. డప్పు వినపడగానే చిందులు మొదలెట్టింది. నేను "అమ్మో" అని జీను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మోకాళ్ళతో దాన్ని నొక్కేశాను. అప్పుడే కింద వెచ్చగా తడిసింది.

చెమట అనుకున్నాను. నిజం చెప్పాలంటే చెమటే కావాలని కోరుకున్నాను. దిగి చూసుకుంటే చెమట కాదు. నల్ల ట్రాక్ ప్యాంటు కాబట్టి ఎవరికీ తెలియలేదు గానీ, జీను మీద మరక నాకు కనిపించింది. చున్నీతో గబగబా తుడిచేశాను. నలభై నాలుగేళ్ళ మనిషిని. స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, పదిమందికి లెక్క తప్పితే చెప్పేదాన్ని. ఇల్లు చేరేదాకా ఆటోలో సీటు అంచునే కూర్చున్నాను, ఛీ ఛీ అనుకుంటూ.

ఈ వయసులో గుర్రమేమిటి అంటారా? మా వాళ్ళందరూ అదే అన్నారు. చిన్నప్పటి నుంచీ కోరిక, అంతే. పెద్ద క్లబ్బుల్లో చేరే స్తోమత మాకు లేదు. ఈ షెడ్డు యజమానిని అందరం కోచ్ సాబ్ అంటాం. ఒకప్పుడు గుర్రపు స్వారీ నేర్పే ఉద్యోగం చేశాడట, ఇప్పుడు పెళ్ళిళ్ళకు గుర్రాలు అద్దెకిస్తాడు. ఆషాఢం, పుష్యం, మూఢం... ముహూర్తాలు లేనప్పుడు గుర్రాలు ఖాళీ. "ఊకె నిలవడి తింటున్నయ్ మేడం. మీరన్న వచ్చి కూసోన్రి, వాటికి సుత జెర కసరత్తయితది" అని తక్కువలో నేర్పుతాడు. మిగతా ఊరు పంచాంగం చూసి పెళ్ళిళ్ళు పెట్టుకుంటే, నేను పెళ్ళిళ్ళు లేని రోజులు చూసి గుర్రమెక్కేదాన్ని.

ఆ రోజు తర్వాత నా కూర్చునే తీరు పాడైంది. ఎక్కడ తడుస్తుందో అన్న భయంతో ముందుకు వంగిపోయేదాన్ని. మడమలు పైకి లేచేవి. చూపంతా గుర్రం చెవుల మీదే.

"ఏందీ మేడం, మొన్నటిదాంక మంచిగ కూసునేటోళ్ళు, ఇప్పుడేమైంది? గట్ల బిగుసుకపోతే గుర్రం పరేషాన్ అయితది. ఊపిరి వదులున్రి!"

ఊపిరి వదిలితే ఏం వదులుతానో అని నా బాధ. క్లాసుకు ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేశాను. ఫలితం, మూత్రంలో మంట. తర్వాత దగ్గితే ఒక చుక్క, తుమ్మితే ఒక చుక్క, పప్పు డబ్బా ఎత్తితే ఒక చుక్క. శ్రావణం వచ్చి గుర్రాలు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయాయి, క్లాసులు ఆగాయి. నా లీక్ మాత్రం ఆగలేదు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

మాది గుంటూరు వైపు కుటుంబం. సీతాఫల్‌మండిలో స్థిరపడి చాలా ఏళ్ళయింది. మా అత్తగారు మాతోనే ఉంటారు. పొద్దున్నే దీపం పెట్టడం నా పని. తడిసిన బట్టతో దేవుడి దగ్గరికి ఎలా వెళ్ళను? మళ్ళీ స్నానం చేస్తే ఎందుకని అడుగుతారు. ఒకరోజు నోటికి వచ్చేసింది: "బయట ఉన్నానత్తయ్యా." మా ఇంట్లో ఆ మాటకు ఎదురు ప్రశ్న ఉండదు. ప్యాడ్ పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. దేవుడి గది జోలికి వెళ్ళక్కర్లేదు, మూల కూర్చోవచ్చు. ఎంత హాయిగా అనిపించిందో! అలా రెండోసారి, మూడోసారి. వరలక్ష్మీ వ్రతం రోజు కూడా అదే మాట అన్నాను. అత్తయ్య ఒక్కరే కలశం పెట్టుకుని, ఒక్కరే కథ చదువుకుని, తోరం కట్టుకున్నారు. నేను వంటింటి గడప ఇవతల నిలబడి చూశాను. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

అత్తయ్య అమాయకురాలేం కాదు. "ఏమే, నెలలో ఇన్నిసార్లా? ఇది మంచి లక్షణం కాదు. గుర్రాలెక్కీ ఎక్కీ గర్భసంచి జారిపోయి ఉంటుంది" అన్నారు. మా ఆయన ఎలక్ట్రికల్ షాపు నుంచి రాగానే ఆయనకూ అదే చెప్పారు. ఆయన భయపడి, "ముందు ఆ గుర్రం మానెయ్" అన్నారు. మర్నాడు అత్తయ్యే నన్ను దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు లాక్కెళ్ళారు.

గైనకాలజిస్ట్ నా వయసు ఆవిడే. "చెప్పండమ్మా" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు. "దీనికి నెలకి రెండు మూడుసార్లు అవుతోందమ్మా. మనిషి చూడండి ఎలా పీక్కుపోయిందో." డాక్టరు నా వైపు చూసింది. నేను తలూపాను. అంతే, ఒక్క తలూపు. ఫైల్లో "హెవీ బ్లీడింగ్" అని రాసుకుంది.

అల్ట్రాసౌండ్ చేశారు. "గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ ఉంది. ఎండోమెట్రియమ్, అంటే లోపలి పొర, కాస్త థిక్‌గా ఉంది" అన్నారు. రక్తపరీక్ష చూసి డాక్టరు కళ్ళజోడు సర్దుకుంది. "ఇంత బ్లీడింగ్ అయ్యేవాళ్ళకు హిమోగ్లోబిన్ ఇంత బాగుండదే!" అని కాసేపు ఆలోచించింది. అప్పుడైనా చెప్పొచ్చు. నేను చున్నీ సర్దుకున్నాను. హార్మోన్ మాత్రలు రాసింది. లేని జబ్బుకు బుద్ధిగా మాత్రలు మింగాను. వాటితో కడుపు ఉబ్బరం, ఊరికే ఏడుపు. ఉన్న జబ్బు అలాగే ఉంది కాబట్టి "బయట ఉన్నాను" అన్న మాటా అలాగే నడిచింది. రెండోసారి వెళ్ళినప్పుడు అత్తయ్య, "ఏం తగ్గలేదమ్మా" అన్నారు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి చెప్పింది: "ఈ వయసులో రిస్క్ తీసుకోకూడదు. డి అండ్ సి చేసి, అంటే ఆ లోపలి పొర గీకి తీసి, బయాప్సీకి పంపుదాం. రిపోర్టును బట్టి యుటెరస్ తీసెయ్యాలా వద్దా అన్నది చూద్దాం."

అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు. నా అబద్ధానికి ఆ పెద్ద ప్రాణం హడలిపోయింది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు పరీక్ష. ఆ గదిలోకి వెంట వచ్చినవాళ్ళను రానివ్వలేదు. నా మేనల్లుడి వయసు కుర్రాడు డాక్టరు. బీపీ చూశాడు, గుండె విన్నాడు, ఎలర్జీలున్నాయా అన్నాడు. చివర్లో, "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు మేడం?" అన్నాడు.

నోట్లోంచి నిజం తారీఖే వచ్చేసింది. ఫైల్ చూశాడు, నన్ను చూశాడు. "ఇక్కడ వేరేగా ఉందే?"

అంతే, ఏడుపు ముంచుకొచ్చింది. "బాబూ, నాకు బ్లీడింగ్ లేదు. గుర్రం ఎక్కితే యూరిన్ పడిపోతోంది."

అంతకంటే ఘోరంగా ఎవరైనా చెప్పగలరా! ఆ అబ్బాయి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "దగ్గితే కూడానా?" అన్నాడు. దగ్గినా, తుమ్మినా అన్నాను. "మత్తివ్వక ముందే చెప్పారు, థాంక్స్" అని లేచి గైనకాలజిస్ట్‌కు ఫోన్ చేశాడు.

ఆవిడ వచ్చి తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"అత్తగారు పక్కనే ఉన్నారండీ."

"ఆవిడ్ని బయట కూర్చోమనాల్సింది నేనే. అది నా పొరపాటు." తర్వాత దగ్గించి పరీక్ష చేసింది, యూరిన్ టెస్ట్ రాసింది. "స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్. ఒత్తిడి పడితే మూత్రం ఆగకపోవడం. కాన్పులైన ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుంది. కానీ నా దగ్గర గుర్రం పేరు చెప్పిన మొదటి మనిషివి నువ్వే!" అంది. ఆ స్కాన్‌లో కనిపించినదాన్ని కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూద్దామంది, డి అండ్ సి ఆపేసింది. ఫిజియోథెరపీకి రాసింది.

"గుర్రం మానెయ్యాలా?" అడిగాను.

"ముందు కింద కండరాలు పట్టడం నేర్చుకో. తర్వాత ఎక్కు."

అత్తయ్యకు ఇంటికొచ్చి చెప్పాను. అన్నీ చెప్పాను. వరలక్ష్మీ వ్రతం సంగతి దగ్గర ఆవిడ ముఖం నల్లబడింది. "అమ్మవారి దగ్గర అబద్ధమటే!" అని లేచి వెళ్ళిపోయారు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తినేవారు, తల ఎత్తేవారు కాదు. మా ఆయన నయం. "నాకు చెబితే పోయేదిగా" అని విసుక్కుని, ఫిజియోకు బండి మీద ఆయనే దింపేవారు.

ఫిజియోథెరపిస్ట్ మొదటి రోజే నా బండారం బయటపెట్టింది. పెల్విక్ ఫ్లోర్, అంటే ఆ కింద కండరాలు, బిగించమంటే నేను ఊపిరి బిగబట్టి కిందికి తోస్తున్నానట. "పైకి లాగాలండీ, తోయకూడదు. ఊపిరి వదులుతూ లాగండి. లాగాక పూర్తిగా వదలడం కూడా వ్యాయామమే. నీళ్ళు మానేశారా? అది ఇంకా తప్పు." ఊపిరి వదులున్రి అని కోచ్ సాబ్ అరిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇద్దరూ ఒకే ఊపిరి గురించి చెబుతున్నారని అప్పటిదాకా తట్టలేదు, మట్టిబుర్ర!

గుర్రం లేదు, డబ్బు పోసి విడిగా క్లాసులు పెట్టించుకోలేను. పాత దూది పరుపు గట్టిగా చుట్టి, చీరతో కట్టి, బెంచీ మీద వేశాను. అదే నా గుర్రం. బీరువా అద్దానికి పక్కవాటుగా దాని మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేదాన్ని. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువులో ఉన్నాయా అని చూసుకోవడం. మోకాళ్ళు వదులు. కళ్ళు ఎదురుగా గోడ మీది క్యాలెండర్ వైపు. ఊపిరి వదులుతూ కింద కండరం పైకి లాగి కొంచెం లేవడం, వదిలి మెల్లగా కూర్చోవడం. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి వీడియో తీసుకుని చూస్తే, ఓరి నాయనో, ఎంత గూని! రోజూ చూసుకోగా చూసుకోగా గూని తగ్గింది. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు కిందికి దించడం కూడా, గుర్రం మీద అవి పైకి లేవకుండా ఉండేందుకు. రూపాయి ఖర్చు లేదు. మధ్యలో జలుబు చేసి వారమంతా దగ్గితే మళ్ళీ మొదటికొచ్చింది. ఇక ఇంతేలే అనుకుని ఆ పరుపు విప్పి మంచం మీద పరిచేశాను. ఫిజియో తిట్టాక మళ్ళీ చుట్టాను.

పుష్యమాసం వచ్చింది, పెళ్ళిళ్ళు ఆగాయి. వెళ్ళాను. ఎక్కకుండా ముందు కొన్ని రోజులు గుర్రానికి మాలీషు చేశాను, పగ్గం పట్టుకుని పక్కన నడిచాను. దానికి డబ్బు తీసుకోలేదు కోచ్ సాబ్. ధైర్యం అక్కడే కొంత తిరిగొచ్చింది. ఎక్కి ట్రాట్ మొదలెట్టాక గట్టిగా, వినపడేలా ఊపిరి వదులుతూ లేచి కూర్చున్నాను.

"హా! గిట్ల! ఇన్ని దినాలు యాడ నేర్చుకున్నరు మేడం?"

"ఇంట్లో పరుపు మీద" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు ఒక చుక్క పడింది. అంతకు మించి పడలేదు. ఇప్పుడు చాలా రోజులు పొడిగానే దిగుతాను. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ప్యాడ్ సంచిలో ఉంటుంది, సిగ్గూ ఉంటుంది.

ఒకరోజు నేను ఉతికిన ట్రాక్ ప్యాంటు ఆరేస్తుంటే అత్తయ్య వచ్చి పక్కన నిలబడ్డారు. "తగ్గిందా?" అన్నారు. చాలావరకు అన్నాను. కాసేపు తీగ మీది క్లిప్పులు సర్దారు.

"డాక్టరుతో ఎట్లా చెప్పావే?"

"ఏమిటత్తయ్యా?"

"అదే. ఆ మాట. ఏ మాటతో చెప్పావు?"

ఆవిడ మందు పేరు అడగలేదు, డాక్టరు పేరు అడగలేదు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులని గుడిలో భజనలకు వెళ్ళడం మానేసి ఎన్నేళ్ళయిందో. పెళ్ళిళ్ళకు రారు, బస్సెక్కరు. మేం ఎక్స్‌రేలు తీయించాం, నూనెలు తెచ్చాం. ఆ నూనెలన్నీ ఆవిడ బుద్ధిగా రాయించుకున్నారు, నా చేత.

"మోకాళ్ళు కాదా?" అన్నాను.

"నీ మొగుడు పుట్టినప్పటి నుంచీ" అన్నారు ఆవిడ, తీగ వైపే చూస్తూ.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే బాత్రూం. నాకు తెలియలేదు. నా సిగ్గులో నేను మునిగిపోయి, పక్క మనిషి ఒక్కసారి కూడా కనపడలేదు. అన్నిటికంటే దీనికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఆవిడను ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి, నిండా మనుషులున్న హాల్లో, "ప్రాబ్లం ఏంటమ్మా?" అంది. "యూరిన్ లీక్ అని చెప్పండి చాలు" అని దారంతా నేర్పాను. అత్తయ్య అదేం అనలేదు. "ఉచ్చ ఆగదమ్మా. నలభై ఏళ్ళు దాటింది" అన్నారు, హాలంతా వినపడేలా. తల దించుకున్నది నేను. లోపలికి పిలిచినప్పుడు అలవాటుగా ఆవిడ వెంట లేచాను. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు.

"నువ్విక్కడే ఉండు. నేను చెప్పుకోగలను."

తలుపు వేసుకున్నారు. నేను చెప్పదలచుకున్న సలహా కూడా ఆ ఒక్కటే. ఎవరు వెంట వచ్చినా సరే, వాళ్ళను బయట కూర్చోబెట్టి డాక్టరు గదిలోకి మీరొక్కరే వెళ్ళండి. వెళ్ళగానే మొదటి వాక్యంలోనే, మీకు ఏ మాట వస్తే ఆ మాటతో, జబ్బు సంగతి చెప్పెయ్యండి.