ఎక్స్‌రే గదిలో గున్‌హిల్డ్ ఉపాయం

మర్నాడు గురువారం. గురువారమంటే స్వీడన్‌లో ఇంటా బయటా బఠాణీ సూపే. ఎండు బఠాణీలు నీళ్లలో పోసి, మూత పెట్టి గున్‌హిల్డ్ పడుకుంది. తెల్లారేసరికి బఠాణీలు ఉబ్బాయి. మా ఆవిడ లేవలేదు.

మాల్మో దగ్గర మా ఊరి ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదిలో నర్సుగా చేసేది. గజ్జల్లో నొప్పని వచ్చినవాళ్ల పొట్టలోకి డాక్టరు సూదితో మందు ఎక్కిస్తాడు. బోర్లా పడుకోబెట్టి, బల్లను కాళ్లవైపు వాల్చి, ముక్కమంటారు. హెర్నియా ఉంటే మందు అందులోకి జారి, ఫిల్ము మీద తెల్లటి తిత్తిలా కనబడుతుంది. చిక్కల్లా మా స్వీడన్ జనంతోనే. ముక్కితే ఇంకేదైనా బయటపడుతుందని భయం. పిర్రలు ఆరబెట్టుకుని పడుకుని కూడా, క్షమించమన్నట్టు దగ్గుతారు.

నేనూ అలాగే దగ్గాను. అప్పట్లో ఊరి జట్టుకు గోల్‌కీపర్ని. "ఫిల్ములో కనబడితే కోస్తా. లేకపోతే నొప్పి నీ బుర్రలోనే" అన్నాడు సర్జను. క్లబ్బువాళ్లు అప్పటికే నా చొక్కా ఇంకొకడికి తొడిగి చూస్తున్నారు.

"ముక్కవయ్యా టోర్కెల్!" అంది గున్‌హిల్డ్.

"ముక్కుతున్నానండీ."

"అది ముక్కడమా? చర్చిలో గొంతు సవరించుకున్నట్టుంది."

"ఏమీ లేదు, దింపేయండి" అన్నాడు అద్దం వెనక డాక్టరు.

"ఇంకొక్కసారి డాక్టరు గారూ" అంటూ ఫిల్ము మార్చడానికి ఆమె వంగింది. అప్పుడు ఆమె వైపునుంచి వినబడింది. తాపీగా మొదలై, చివర్లో ప్రశ్న అడుగుతున్నట్టు పైకి లేచిన పిత్తు. డాక్టరు పైకప్పు పరీక్షించాడు. నాకు నవ్వు ఆగలేదు. పొట్టంతా బిగుసుకుని బల్ల ఊగింది.

"ఇప్పుడు! ఇప్పుడే తీయండి!" అని అరిచింది.

ఫిల్ము మీద, ఎడమ గజ్జలో, బొటనవేలంత తెల్లటి తిత్తి.

కోశారు, కుట్టారు. వసంతానికల్లా గోలు ముందు నిలబడ్డాను. మొదటి ఆటలోనే నాలుగు వదిలేశాను, అది వేరే సంగతి. అంత తెలివైన మనిషిని వదలకూడదని పెళ్లి చేసుకున్నాను. ఏ విందుకెళ్లినా ఆ ఉపాయం కథ చెప్పేవాణ్ణి. "దానికి వేరే శిక్షణ ఉంటుంది" అని ఆమె కాఫీ పోసేది.

అంత్యక్రియల తర్వాత కాఫీ దగ్గరా చెప్పాను. ఆమెతో పనిచేసిన మై-బ్రిట్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"ఉపాయమా, నీ మొహం! ఆ రోజు గురువారం టోర్కెల్. క్యాంటీన్లో సూపు రెండోసారి కూడా పోయించుకుంది. నువ్వెళ్లాక ఫిల్ములు కడిగే గదిలో దూరి, ఆ మనిషి మొహం ఇంక చూడలేనే అని ఒకటే ఏడుపు."