ముద్దకు అడ్డొచ్చిన పండ్లు

లోకంలో అందరూ కట్టుడు పళ్ళు పెట్టుకుని తింటారు. మా నాయన వాటిని పక్కన పెట్టి తినేవాడు.

మాది కర్ణాటకలో కామసముద్రం దగ్గర తెలుగు పల్లె. మా వైపు రాగి ముద్దను ఎవరూ నమలరు. తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగడమే. నమిలితే ముద్దకు అవమానం, కెలికినవాళ్ళకు ఇంకా అవమానం. ఆ ఏడు మామిడి కాపు అమ్మి కె.జి.ఎఫ్.లో పళ్ళు కట్టించుకుని వచ్చిన నాయన, "పండ్లమ్మి పండ్లు తెచ్చినా" అని వీధంతా ఇకిలించి చూపించాడు. ఆ సంబరానికి అమ్మ కోడి పులుసు చేసింది. ఆయన గోడ వైపు తిరిగి, పళ్ళు తీసి జేబులో వేసుకుని, ముద్ద ముందు కూర్చున్నాడు.

"తినేదానికే కదప్పా కట్టించుకుండేది!" అంది అమ్మ.

"ముద్దకు పండ్లెందుకే? అడ్డం! ఇవి నలుగుర్లో మాట్లాడేదానికి."

అన్నట్టే పాల డెయిరీకి, పెళ్ళిళ్ళకు, బ్యాంకుకు పళ్ళు ఆయనతో వెళ్ళేవి. భోజనాల వేళ వాటికి సెలవు. బోసినోరు మాత్రం కట్టుకున్నదానికి తప్ప కన్న కూతురికి కూడా చూపించలేదు. ఆ కూతుర్ని నేనే.

మొన్న ఎండాకాలంలో పట్టుపురుగుల ఇంట్లో ముద్ద తింటూ ఒక పక్కకు ఒరిగిపోయాడు. స్ట్రోక్. కోలారులో ఆసుపత్రిలో చేర్చాం. మాట పోయింది. కుడి చెయ్యి పోయింది. కుడి బుగ్గ జారిపోయింది.

"గొంతు పనిచేస్తుందో లేదో చూడాలి. నోటితో మింగితే సరి. లేకపోతే రేపు ముక్కులోంచి పైపు వేస్తాం" అన్నాడు డాక్టరు.

నర్సు చిక్కటి గంజి చెంచాతో పట్టుకుని, "బాయి తెగీరి అజ్జా" అంటూ నోరు తెరవమని కన్నడంలో బతిమాలింది. నేను తెలుగులో బతిమాలాను. నాయన ఏ భాషలోనూ నోరు తెరవలేదు. బాగున్న ఎడమ చేత్తో పెదాలు మూసుకుని నా వైపు చూశాడు.

"పండ్లు లేవని సిగ్గు" అంది అమ్మ మెల్లగా. "మ్మే, ఇంటికి పోయి ఎత్తుకోని రా. అవి లేకుండా ఈ మనిషి నోరు తెరిచేది కల్ల."

బడిలో పిల్లలకు జీర్ణవ్యవస్థ గురించి పాఠాలు చెప్పే నేను, తండ్రి ప్రాణానికి మందు కాదు, పళ్ళు వెతకడానికి బస్సెక్కాను. ఏడుపు ఆగలేదు. పక్క సీటావిడ నా భుజం తట్టి, "ఎవురు పోయినారమ్మా?" అంది. పోయినవి పళ్ళని చెప్పడానికి నోరు రాలేదు.

చొక్కా జేబులో లేవు. కిటికీలో లేవు. ఆవు తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవులాడాను. ఆవు నన్ను అనుమానంగా చూసింది. ఇంక మిగిలింది పురుగుల ఇల్లు. అక్కడ మా పిన్నమ్మ చంద్రికల్లోంచి పట్టుగూళ్ళు విడిపిస్తోంది. చంద్రికలంటే పురుగులు గూడు కట్టుకునే వెదురు తట్టలు. ఎక్కడ చూసినా పసుపు గూళ్ళే. టీ తాగి తాగి నాయన పళ్ళదీ అదే రంగు. ఇద్దరం ఒక్కొక్క తట్టా తడుముతూ పోయాం.

"మ్మే, యాడ చూస్తుండావు? ఇట్ల రా! ఈ గూడు నవ్వుతా ఉండాది!" అని అరిచింది పిన్నమ్మ.

ముద్దకు కూర్చుంటూ నాయన పళ్ళు తీసి ఆ తట్టలో పెట్టినట్టున్నాడు. పిన్నమ్మా నేనూ ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. అది నవ్వేనా అని ఇప్పుడు అనుమానం.

ఆసుపత్రిలో అమ్మ వాటిని కడిగి ఆయన చేతికిచ్చింది. నాయన గోడ వైపు తిరగలేక కళ్ళు మూసుకుని పెట్టుకోబోయాడు. జారిన బుగ్గ వాటిని పట్టలేదు. పై వరస గడ్డం మీదికి, కింది వరస దుప్పటి మీదికి వచ్చి పడ్డాయి. ఆయన పెదాలు బిగించేశాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి. నర్సు పైపు ప్యాకెట్టు తెచ్చి మంచం పక్కన నిలబడింది. పళ్ళు చేతిలో పట్టుకుని నేనూ నిలబడ్డాను. ఇంక వెతకడానికి ఏమీ లేదు.

అమ్మ లేచి మంచం మీద కూర్చుంది. కొంగు లాగి ఆయన తలనూ తన తలనూ కలిపి కప్పేసింది.

"సిస్టరమ్మా, నువ్వట్ల తిరుక్కో. మ్మే, నువ్వూనూ."

"గంజి గొంతుకు అడ్డం పడితే కష్టమమ్మా" అంది నర్సు, ఈసారి తెలుగులో.

"దగ్గితే పిలుస్తాను, తిరుక్కో."

ఇద్దరం గోడకు మొహం పెట్టాం. వెనక గిన్నెలో చెంచా కదిలింది.

"ఎవురూ చూడల్లేదు. నేనే కదా. తెరువు."

మంచం కిర్రుమంది. తర్వాత ఒక దగ్గు. నర్సు గిరుక్కున తిరగబోయింది.

"ఇంగా పిలవలేదు!" అంది అమ్మ కొంగు లోపల్నుంచి.

అప్పుడు వినబడింది, గుటక.

"పోయింది" అంది అమ్మ. "ఇంగొకటి. చిన్నదే."

నర్సు చేతిలో పైపు ప్యాకెట్టు అలాగే ఉంది. మేమిద్దరం గోడను చూస్తూ రెండో గుటక కోసం చెవులు రిక్కించాం.