రాయి మీది ముఖం

మా ఊరి బస్టాండు ముందర నల్లరాతి మీద చెక్కిన మూడు ముఖాల్లో నడిమిది మా బాపుది కాదు. బాపు తమ్ముడిది, మా కాకది. ఈ మాట మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

పట్నంలో బాంబు పేలిన సాయంత్రం మా ఊరివాళ్లు ముగ్గురు పోయారు. మేస్త్రీ పని ముగించుకొని బాపు బస్సు కోసం నిలబడ్డాడట. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఊళ్లో కమిటీ వేసి, వాళ్ల యాదికి రాయి పెట్టాలనుకున్నారు. ఫొటో కోసం ఒకాయన ఇంటికొచ్చాడు. అమ్మ గోడ దిక్కు తిరిగి పడుకుంది, లేవలేదు. మాకున్న మంచి ఫొటో ఒక్కటే. పెళ్లిళ్లు కాకముందు అన్నదమ్ములిద్దరూ ఒకే తానులో కుట్టించిన అంగీలు తొడుక్కొని స్టూడియోలో దిగింది. ఇద్దరికీ ఏడాదే తేడా, పోలికా ఒకటే.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. కొత్తవాళ్లొస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. ఆయన ఫొటోను అరచేతిలో పెట్టుకొని, "ఇండ్ల మీ బాపు ఎవరు బిడ్డా?" అనడిగాడు. దగ్గరికి పోయి వేలు పెట్టి చూపిస్తే అయిపోయేది. ఆయనకు ఎదురుగా, గడప లోపలి నుంచే "కుడి దిక్కు" అన్నాను. నా కుడి ఆయనకు ఎడమ అవుతుందని తోచలేదు.

రాయి మీది గుడ్డ తీసినప్పుడు తెలిసింది. రాతికి పంపేముందు ఫొటో దిద్దినవాళ్లు అంగీ తీసేసి కోటు, టై కూడా తొడిగారు. ఖాకీ అంగీలో, నెరిసిన గడ్డంతో ఆటో నడిపే కాకను ఊరంతా రోజూ చూస్తుంది. కోటులో ఉన్న ఆ పడుచు ముఖం ఆయనదని ఎవరికీ అనుమానం రాలేదు.

"కోటేస్తె మీ బాపు కలెక్టర్ లెక్కున్నడు పో!" అన్నది పక్కింటామె.

అమ్మ ఒక్కసారి చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ ఆ రాయి దగ్గరికి రాలేదు. ఎందుకని నేనడగలేదు.

అప్పటి నుంచి ఏటా వర్ధంతి సభలో దండ వేసే పని నాది. అదే టెంటు, అవే కుర్చీలు, పదకొండుకు వస్తానని ఒంటిగంటకు దిగే పెద్దమనుషులు. "ఇటు చూడమ్మా, దండ జర పైకి" అని ఫొటోలవాళ్లు. బతికున్న మనిషి బొమ్మకు దండ వేస్తే ఆయుష్షు తగ్గుతుందని మా దిక్కు నమ్ముతారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను నమ్మననే అనుకున్నాను. అయినా దండ వేశాక ఆ పూట కాక ఆటో రోడ్డు మీద కనిపించేదాకా అన్నం తినబుద్ధయ్యేది కాదు.

పోయిన నెల హాలియా నుంచి వస్తూ కాక ఆటోలోనే ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. వారం రోజులు నల్లగొండ దవాఖానలో ఉంచారు. ఇంటికి తెచ్చిన తెల్లారే కమిటీ నుంచి నాకు ఫోన్. ఆదివారం సభ, దండకు రావాలె అని. ఇక నాతోని కాదనిపించింది.

కాక ఇంటికి పోయాను. మంచం మీద గోడకానుకొని, ఉప్పులేని జావ తాగుతూ డాక్టరును తిడుతున్నాడు. చిన్నమ్మ బయటికి పోగానే చెప్పేశాను.

"కాకా, ఆ రాయి మీద ఉన్నది బాపు కాదు, నువ్వు. నేనే తప్పు చూపించిన. ఇన్నేండ్లు నీకే దండేసిన."

కాక గిలాస కింద పెట్టాడు. "గుడ్డ తీసిన్నాడే సూసిన. నా ముక్కు నాకు తెల్వదా?"

"మరి చెప్పకపోతివి?"

"చెప్తె రాయి పీకుతరు. మళ్ల పెట్టేదెన్నడు? మా అన్న పేరన్న ఉంటదని ఊకున్న. మీ అమ్మకు సుత ఎరుకే."

నాకు ఏడుపొచ్చింది. "ఈసారి నేను పోను కాకా. నీకేమన్న అయితే..."

కాక నవ్వబోయి, దగ్గొచ్చి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. దగ్గు ఆగాక అన్నాడు.

"పో బిడ్డా, పోయి ఏసిరా. బతికుండంగ ఆటోడ్రైవరుకు దండేసెటోడు ఇంకెవడున్నడు?"