దొరసాని ఆగే చోట్లు

సముద్రం ఒడ్డున యాత్రికులను గుర్రం మీద తిప్పే ఆ మనిషిని అందరూ గుర్రం మామ అనేవారు. సొంత పేరుతో పిలిస్తే పలకడానికి ఆయనకు కాస్త టైం పట్టేది. గుర్రం పేరు దొరసాని. పేరుకు తగ్గ టెక్కే దానిది. గడ్డి తడిగా ఉంటే ముట్టదు, బకెట్లో ఆకు పడితే నీళ్లు తాగదు. "నన్నేనాడైనా ఇలా బతిమాలి తినిపించావా?" అని భార్య దెప్పిపొడిచేది.

దొరసానికి మామ నేర్పిన విద్య ఒకటుంది. లైట్‌హౌస్ దగ్గర, బోర్లించిన పాత పడవ దగ్గర, పెద్ద హోటల్ గేటు దగ్గర తనంతట తనే ఆగి, మెడ ఎత్తి నిలబడుతుంది. ఎవరో ఒకరు ఎదుట నిలబడి ఫొటో తీయాలి. ఆ తరవాత మామ నాలుకతో "టక్" అనాలి. అప్పటిదాకా అడుగు వేస్తే ఒట్టు. విదేశీయులు అది చూసి పడీపడీ నవ్వేవారు.

ఇంతలో దేశానికి ఆ చివర, మామ ఏనాడూ చూడని ఊళ్లో బాంబు పేలింది. వారం తిరక్కుండా ఇంకోచోట కాల్పులు. ఈ తీరంలో టపాకాయ కూడా పేలలేదు. కానీ ఆ మాట ఎవరు వింటారు? బయటి దేశాల టీవీల్లో, మ్యాపు మీద దేశం మొత్తానికి ఒకటే ఎర్రరంగు పూశారు. భయం లేదు, రండి రండి అని చెప్పడానికి మంత్రిగారు ఇక్కడిదాకా వచ్చారు, చుట్టూ తుపాకులు పెట్టుకుని. ఆ ఫొటో చూసి, వద్దామనుకున్నవాళ్లు కూడా మానుకున్నారు.

మామ మాత్రం రోజూ పొద్దున్నే దొరసానిని దువ్వి ఒడ్డుకు తీసుకొచ్చేవాడు.

"ఇవాళైనా ఎవరైనా దిగారా తమ్ముడూ?" అని హోటల్ వాచ్‌మన్‌ను అడిగేవాడు.

"దిగారు మామా, పోలీసులు."

కొన్నాళ్లకు ఆ వాచ్‌మన్ కూడా లేడు. గేటుకు తాళం పడింది. దొరసాని ఇప్పుడు తడి గడ్డి కూడా తినేస్తోంది.  డొక్కలు తేలాయి. ఇటుకల బట్టీ ఆసామి రెండుసార్లు వచ్చి గుర్రాన్ని అమ్మమని అడిగి వెళ్లాడు.

"బండికి కడతాడే దాన్ని," అన్నాడు మామ.

"కడితే కట్టాడు, తిండన్నా పెడతాడు. మనమేం పెడతాం, చెప్పు?" అంది భార్య. ఆమె కూడా ఏడుస్తూనే అంది. 

మర్నాడు ఆసామి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పగ్గం పట్టుకుని ఒడ్డు వెంట బయల్దేరాడు. లైట్‌హౌస్ దగ్గర దొరసాని ఆగిపోయి, ఖాళీ ఇసుక వైపు మెడ ఎత్తింది. ఎంత లాగినా కదల్లేదు. ఆసామి కర్ర ఎత్తాడు.

వెనకే వస్తున్న మామ పరుగెత్తాడు. "కొట్టకు బాబూ! మొండితనం కాదు, ఫొటో కోసం ఆగింది."

"ఎవరు తీస్తారయ్యా ఇక్కడ ఫొటో?"

మామ ఎదురుగా వెళ్లి, రెండు ఖాళీ చేతులూ కళ్ల దగ్గర పెట్టుకుని "టక్" అన్నాడు. దొరసాని కదిలింది. పడవ దగ్గర మళ్లీ అంతే.

ఆఖరికి హోటల్ గేటు వచ్చింది. మామ చేతులు ఎత్తాడు గానీ "టక్" అనలేదు. తను అనకపోతే పొద్దుగూకేదాకా అది ఇక్కడే నిలబడుతుంది. ఆయనకు కావాల్సిందీ అదే. దొరసాని చెవులు నిక్కబొడుచుకుని ఆయన వైపే చూస్తోంది.

"అనవయ్యా, ఎండెక్కుతోంది," అన్నాడు ఆసామి, మళ్లీ కర్ర అందుకుంటూ.

మామ అన్నాడు. దొరసాని బుద్ధిగా తల దించుకుని, కొత్త మనిషి వెంట వెళ్లిపోయింది.