నాలుగు కంప్యూటర్లలో నేను రాసిన వరస

వేడెక్కిన దుమ్ముకి ఒక వాసన ఉంటుంది. కంప్యూటరు పెట్టె మూత తీసి, ఫ్యాను రెక్కల మీద బ్రష్షు ఆడిస్తే గుప్పున వస్తుంది. మొన్న రాజమండ్రిలో నేనిప్పుడు పనిచేస్తున్న ఆఫీసులో ఆ వాసన తగిలేసరికి బ్రష్షు పక్కన పెట్టేశాను. ఎదురుగా తెర మీద ఒక ఫిర్యాదు: పాలసీ అందలేదు, సర్వరు పేరు దొరకలేదు. ఈ రెండు ముక్కలు చదివి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి గోదావరి జిల్లాలన్నిటిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. పక్క సీటావిడ "ఏంటండీ, కంట్లో దుమ్ము పడిందా?" అంటే అవునన్నాను. నాకీ పని నేర్పింది వీర్రాజు గారని ఒకాయన. ఆయన గురించి మంచి రాయడం తేలిక. నా గురించి నిజం రాయడానికే ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు.

సామర్లకోటకీ కాకినాడకీ మధ్యలో ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ ఉండేది. చెరువుల నుంచి వచ్చిన సరుకుని అక్కడే శుభ్రం చేసి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడకెక్కిస్తారు. ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడానికి ఇద్దరమే: వీర్రాజు గారు, ఆయన కింద నేను. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లో ట్యూషన్లు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుని ఆ ఉద్యోగంలో చేరాను. ఆయనకప్పటికే యాభై దాటాయి. జేబులో టెస్టరు, చేతిలో గోడలకు రంగులేసే చిన్న బ్రష్షు. కంప్యూటర్ల పెద్ద అంటే ఇంకెలాగో ఉంటారనుకుని వెళ్ళిన నేను, మొదటి రోజు ఆయన్ని చూసి కరెంటు పనికొచ్చిన మనిషనుకున్నాను. తరవాత ఆ మాట చెబితే ఆయన వారం రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వారు.

చేరిన కొత్తలోనే కొనుగోళ్ళ సెక్షన్లో ఒక కంప్యూటరుకి పాలసీ అందడం మానేసింది. పాలసీ అంటే మరేం కాదు, ఎవరు ఏ ప్రింటరు వాడాలి, ఎవరు పెన్‌డ్రైవు పెట్టకూడదు లాంటి కట్టుబాట్లు. అవి సర్వరు, అదే ఆఫీసంతటికీ పెద్ద కంప్యూటరు, దాన్నుంచి ప్రతి కంప్యూటరుకీ వాటంతటవే వెళ్ళాలి. నేను దాన్ని తెప్పించే కమాండు పదిసార్లు కొట్టాను. పదిసార్లూ అదే ఎర్రర్ వచ్చింది. పదకొండోసారి కొట్టబోతుంటే వెనక నుంచి "ఆగమ్మా, దానికి చెవుడు లేదు" అన్నారు వీర్రాజు గారు. కుర్చీ లాక్కుని కూర్చుని, సర్వరుని ముందు దాని నంబరుతో పలకరించి చూశారు. బదులొచ్చింది. తరవాత పేరుతో పలకరించారు. రాలేదు.

"చూశావా? మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు చెప్పేవాడే తప్పు చెబుతున్నాడు. మన సర్వర్ల పేర్లన్నీ మన ఆఫీసు సర్వరుకే తెలుసు. ఇదేమో బయటెవరినో అడుగుతోంది. మీ వీధిలో పాలావిడ ఇల్లెక్కడని మద్రాసులో అడిగితే ఎవరు చెబుతారమ్మా?"

ఇంటర్నెట్టు వేగంగా వస్తుందని ఎవరో చెబితే ఆ సీటాయన బయటి సర్వరు నంబరు పెట్టుకున్నాడట. అది తీసి మనది పెట్టగానే పాలసీ వచ్చేసింది. వీర్రాజు గారు ఆయన్ని పల్లెత్తు మాటనలేదు. ఇంకోసారి ఇంటర్నెట్టు నెమ్మదిస్తే ముందు నాకు చెప్పండి అని మాత్రం చెప్పి లేచారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ కంప్యూటరులో ఏ చిన్న మార్పు చేసినా ఒక చీటీ మీద తేదీ, చేసిన పని, చేసినవాళ్ళ పేరు రాసి ఆ పెట్టె వెనక అంటించాలి. ఆఫీసులో కొందరు వాటిని తాయెత్తులనేవాళ్ళు. తన తప్పులు కూడా ఆయన అలాగే రాసేవారు. ఒక చీటీ మీద "ఒకటికి బదులు ఇంకో కేబులు పీకాను. గంటసేపు పని ఆగింది. సరిచేశాను. వీర్రాజు" అని గుండ్రటి అక్షరాలతో ఉండేది. అందరూ చదివేలా ఇలా రాసుకుంటారేంటండీ అంటే, "రేపు నువ్వు అదే కేబులు పీకకుండా ఉంటావని" అన్నారు.

ఇద్దరమూ రాజమండ్రి నుంచే పొద్దుటి ప్యాసింజరులో సామర్లకోట వరకూ వెళ్ళి, అక్కడ షేర్ ఆటో ఎక్కేవాళ్ళం. ఆ గంటంతా ఆయన చెబుతూనే ఉండేవారు. ఒకరోజు మాత్రం కిటికీ లోంచి చూస్తూ కూర్చుని, కాసేపటికి మెల్లగా అన్నారు. "ఈ ఏడు నన్ను పర్మనెంటు చేస్తామన్నారమ్మా. పదకొండేళ్ళుగా కాంట్రాక్టులోనే ఉన్నాను. మా ఆవిడ అప్పుడే వీధిలో అందరికీ చెప్పేసింది." చెప్పొద్దని ఆయనే అన్నారట, ఆవిడ ఆగలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న సంతోషం నాకింకా గుర్తుంది. గుర్తున్నందుకే కష్టంగా ఉంటుంది.

ఆ వేసవిలో భార్య కంటి ఆపరేషన్‌కని ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం కాగితాల సెక్షన్లో నాలుగు కంప్యూటర్లకి సర్వరు దొరకడం మానేసింది. ఏ లాటు సరుకు ఏ చెరువుది, ఎప్పుడు వచ్చింది అన్న వివరాలు ఎక్కించేది ఆ నలుగురే. సెక్షన్ పెద్ద సత్తిబాబు గారు నా నెత్తి మీద నిలబడ్డారు. "లారీలు నిలబడిపోయాయమ్మా. ఆయన్నయినా పిలవండి, మీరయినా చెయ్యండి." నంబరుతో పలుకుతోంది, పేరుతో పలకడం లేదు. ఎందుకు పలకడం లేదో వెతకాలి. వెతికే ఓపిక లేకపోయింది నాకు. నాలుగు కంప్యూటర్లలోనూ ఒక ఫైలు తెరిచి, సర్వరు పేరు, దాని పక్కన నంబరు, ఒక్క వరస రాసేశాను. అలా రాస్తే ఆ కంప్యూటరు ఇంకెవరినీ అడగదు, ఆ నంబరుకే వెళుతుంది. వీర్రాజు గారు ఎప్పుడూ చెయ్యొద్దన్న పని అదే. ఐదు నిమిషాల్లో అన్నీ నడిచాయి. సత్తిబాబు గారు టీ తెప్పించారు. ఆయన లేకుండానే చేశానని నాకు పొగరు కూడా వచ్చింది.

ఎవరో ఫోనుకి సిగ్నలు కోసం ఇంట్లోంచి వైఫై పెట్టె తెచ్చి ఆ సెక్షన్లో తగిలించారని మర్నాడు బయటపడింది. ఏ పేరు కావాలన్నా తననే అడగమని ఆ పెట్టె చెబుతుండడంతో ఆ నాలుగూ తప్పు చోట అడుగుతున్నాయి. పెట్టె పీకేశాను. నేను రాసిన వరసలు మాత్రం చెరపలేదు. పని జరుగుతోంది కదా అని ఊరుకున్నాను. చీటీలు కూడా అంటించలేదు. అంటిస్తే ఆయన చదువుతారు కదా.

దసరా దాటాక కొత్త సర్వరు వచ్చింది. ఒక ఆదివారం వీర్రాజు గారు అన్నీ దాంట్లోకి మార్చి, ఎందుకైనా మంచిదని పాతదాన్ని వారం రోజులు ఆపకుండా ఉంచారు. పేరు పాతదే, నంబరు మాత్రం కొత్తది. సోమవారం ఆఫీసంతా పేరుతో అడిగి కొత్తదానికి వెళ్ళింది. ఆ నాలుగు మాత్రం నేను రాసిన నంబరు పట్టుకుని పాతదానికే వెళ్ళాయి. ఎర్రర్ ఏదీ రాలేదు. నలుగురూ మూడు రోజులు లాటు వివరాలు ఎక్కిస్తూ పోయారు, అవన్నీ పాతదాంట్లో పడ్డాయి. కొత్తదాంట్లోంచి తీసిన కాగితాలతో వెళ్ళిన కంటైనరుని రేవులో ఆపేశారు. పెట్టెల మీదున్న లాట్లు కాగితాల్లో లేవు. ఓడ వెళ్ళిపోయింది, సరుకు తిరిగొచ్చింది.

కంటైనరు ఆగిన మర్నాడు పొద్దున వీర్రాజు గారు కాగితాల సెక్షన్లో మొదటి కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆయన పద్ధతిలోనే వెతికి ఆ ఫైలు దగ్గరికి వచ్చారు. నేను వెనకే నిలబడి ఉన్నాను. వరస చూశారు. పెట్టె తిప్పి వెనక చూశారు. చీటీ లేదు. తను సెలవులో ఉన్న రోజుల తేదీ ఆ ఫైలు మీద ఉంది, ఆ రోజుల్లో అక్కడ కంప్యూటర్లు ముట్టుకునేది నేనొక్కదాన్నే. అయినా అడిగారు.

"ఇది ఎవరు రాశారో తెలుసా అమ్మా?"

"తెలీదండి."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. నేనింకా ప్రొబేషన్లో ఉన్నాను. మళ్ళీ ట్యూషన్లు, మళ్ళీ ఆ గది కళ్ళ ముందు కదిలాయి. ఆయన నా వైపు తిరిగి ఒక్క క్షణం చూశారు. కోపం లేదు. ఎదురుచూస్తున్నట్టు చూశారు. నేను తల దించుకున్నాను. "సరే" అని ఆ వరస చెరిపి, మిగతా మూడింటి దగ్గరికి వెళ్ళారు.

సాయంత్రం మేనేజరు గారి గదిలో విచారణ. ఇద్దరినీ పిలిచారు. ఎవరి పని ఇది అని మేనేజరు గారు గట్టిగానే అడిగారు.

"పాత సర్వరు ఆపకుండా ఉంచింది నేనేనండి. మార్చాక ప్రతి మిషనూ చూసుకోవాల్సింది నేనే" అన్నారు వీర్రాజు గారు.

"ఆ నంబర్లు రాసిందెవరు?"

"కంప్యూటర్ల సెక్షన్ నాదండి. నా పేరు రాసుకోండి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. రెండడుగులు ముందుకేస్తే చాలు. వెయ్యలేదు. నెలాఖరుకి ఆయన కాంట్రాక్టు ఆపేశారు, పర్మనెంటు మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్ళే రోజున నాకు బ్రష్షు ఇచ్చి, "ఫ్యాన్లు నెలకోసారన్నా తుడుస్తుండమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

తరవాత ఆయన రాజమండ్రిలోనే ఒక జిరాక్స్ షాపులో పనికి కుదిరారని విన్నాను. నేను ఉండేది ఆ షాపుకి రెండు వీధుల అవతల. ప్రతి ఆదివారం వెళ్ళి చెప్పేయాలనుకునేదాన్ని. ప్రతి ఆదివారం ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి గుండెపోటుతో పోయారని సత్తిబాబు గారు ఫోను చేశారు.

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. వచ్చినవాళ్ళ భోజనాలయ్యాక ఆయన భార్య మంగతాయారు గారు నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టుకున్నారు.

"దువ్వెన కూడా తీసిన చోటే పెట్టే మనిషమ్మా ఆయన. ఉద్యోగంలో అంత పొరపాటు ఎలా చేశారో నాకిప్పటికీ అంతుపట్టదు. మీరు పక్కనే ఉన్నారుగా. మీకేవన్నా తెలుసా?"

ఈసారి తెలీదనలేకపోయాను. "అది ఆయన చెయ్యలేదండి. నేను చేశాను. అడిగితే తెలీదన్నాను."

ఆవిడ నా దగ్గరికి జరిగారు. "ఆయనకి తెలుసా?"

"తెలుసండి. చూడగానే తెలిసిపోయింది."

నన్ను తిడతారని, లేచి పొమ్మంటారని చూస్తున్నాను. ఆవిడ నన్ను మర్చిపోయినట్టే ఉన్నారు. గోడ వైపు చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నారు. "ఏడాదంతా దెప్పానమ్మా. నోటి దాకా వచ్చిన పర్మనెంటు ఉద్యోగాన్ని అజాగ్రత్తతో పోగొట్టారని దెప్పాను. అన్నం దగ్గర కూడా దెప్పాను. ఒక్కసారన్నా, నేను కాదే అని అనలేదు." అని కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాను. ఆ చేతికి ఆ హక్కు లేదనిపించింది.

నెల తిరక్కుండానే ఆ కంపెనీలో మేనేజరు గారికి ఉన్నదున్నట్టు రాసిచ్చి బయటికొచ్చాను. దాని వల్ల ఎవరికీ ఏమీ తిరిగి రాలేదు. ఆయన నేర్పిన పనితోనే ఇప్పటికీ నా బతుకు వెళుతోంది, పదిమంది నన్ను మంచి పనిమంతురాలని కూడా అంటారు. అలా అన్నప్పుడల్లా నాకొకటి కనబడుతుంది. కంచం ముందు తల వంచుకుని వీర్రాజు గారు అన్నం కలుపుకుంటుంటారు. ఎదురుగా మంగతాయారు గారు దెప్పుతూ ఉంటారు. నా పేరు ఆయన నాలుక చివరే ఉంటుంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటారు.