సిస్టరమ్మ నమలని గడ్డి లేదు

దేవమణి సిస్టరమ్మకి ఒక్కటే అలవాటు. పచ్చగా ఏది కనిపించినా తుంచి నోట్లో వేసుకుని నమిలేది.

ఇది విని ఆవిడ శాకాహారి అనుకునేరు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కోడికూర ఉడకకపోతే ఆ రోజు వాక్యం ఒంటబట్టలేదనే మనిషి. ఈ నమలడం తన కోసం కాదు, తను పెంచే, కుందేలు పిల్లంత ఉండే గినీ పందుల కోసం. "నా నోట్లో పడనిది నా పిల్లల నోట్లో పడకూడదు బాబూ" అనేది. గడ్డిపరక దగ్గర్నుంచి ముల్లంగి ఆకు దాకా ఏదైనా సరే, ముందు ఆవిడ పంటి కింద పడి, పరీక్ష పాసై, ఆ తర్వాతే గూట్లోకి వెళ్ళాలి. ఆ ఊరి ఆవులకి కూడా అంత ఓపిక ఉండేది కాదు.

1997లో తపాలా శాఖవారు నన్ను విజయనగరం నుంచి తీసుకెళ్ళి అరకు దగ్గర ఒక రోడ్డు పక్క ఊళ్ళో గుమాస్తాగా పడేశారు. నేను బస్సు దిగేసరికి టీకొట్టు ముందు తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కళ్ళు మూసుకుని గడ్డి నములుతోంది. నాకు జాలేసింది.

"పాపం, ఎవరూ లేరా ఈవిడకి?" అన్నాను టీకొట్టు వరహాలరావుతో, గొంతు తగ్గించి.

"లేకేటి బాబూ, ఆరుగురున్నారు. అన్నట్టు మీరు అద్దెకి దిగబోయేది ఆవిడింట్లోనే" అన్నాడు.

ఆ ఆరుగురినీ సాయంత్రమే పరిచయం చేసింది. సిస్టరమ్మ ముప్పై ఏళ్ళు ఒక మిషను ఆసుపత్రిలో నర్సు. అక్కడి లేబొరేటరీలో పరీక్షల కోసం గినీ పందుల్ని పెంచేవారు. వాటికి మేత వేసే పనికి ఎవరూ ఒప్పుకోకపోతే ఈవిడే నెత్తిన వేసుకుంది. ఈవిడ రిటైరైన ఏడే ఆ గది మూసేశారు. మిగిలిన ఆరింటినీ ఏం చెయ్యాలని పెద్ద డాక్టరు మీటింగు పెట్టేలోగా వాటిని ఆపిల్ పళ్ళ పెట్టెలో సర్దుకుని కిరండూల్ పాసింజరెక్కేసింది. రైల్లో టీటీ వచ్చి, "వీటికి టిక్కెట్టేదమ్మా?" అన్నాడట. "ఇవి పేషెంట్లు బాబూ, దగ్గరికి రాకు" అందట. అరకు వచ్చేదాకా టీటీ మళ్ళీ ఆ పెట్టెలోకి తొంగిచూడలేదు.

పేర్లు కూడా ఆసుపత్రివే: టించరు, దూది, గ్లూకోజు, సిరంజి, బ్యాండేజీ, టానిక్కు. "టానిక్కూ, పక్కకి జరుగు, దూదిని తిననీ" అని గూటి ముందు కూచుని కేకలేస్తుంటే, ఆవిడింకా డ్యూటీలోనే ఉందేమో అనిపించేది.

మేత విషయంలో మహా కచ్చితం. "ముప్పాతిక కడుపు గడ్డి. గుప్పెడు ఆకు. గోరంత పండు. అంతే" అనేది. గడ్డి ఎందుకంటే వాటి పళ్ళు జన్మంతా పెరుగుతూనే ఉంటాయట, గడ్డి నమిలితేనే అరుగుతాయట. అన్నం, రొట్టె, బిస్కెట్టు, ఉల్లిపాయ, బంగాళదుంప పూర్తిగా నిషేధం. పోనీ మేతకేమైనా ఖర్చు పెట్టేదా అంటే అదీ లేదు. శుక్రవారం అరకు సంతకి ఊరంతా పొద్దున్నే వెళ్తే, ఈవిడ సంత ఎత్తేసే వేళకి సంచీ పట్టుకుని దిగేది. ముల్లంగి అమ్ముడైపోతే ఆకు మిగిలేది. మొక్కజొన్న పొత్తులు పోతే తొక్కలు మిగిలేవి. కొత్తిమీర పోతే కాడలు మిగిలేవి. అవన్నీ ఈవిడవే. అడిగి తీసుకోవడం, అక్కడే నిలబడి నమలడం, "నీ ముల్లంగాకు పోయినారం కన్నా బాగున్నాదే" అని యోగ్యతాపత్రం ఇచ్చి రావడం.

రోజుకో జామపండు కోసి ఆరు ముక్కలు గూట్లో వేసి, ఏడో ముక్క నా దగ్గరికి తెచ్చేది.

"నాకెందుకమ్మా?"

"కుక్కకీ మేకకీ సీ విటమిను ఒంట్లోనే తయారైపోతాది. మనకీ వీటికీ దేవుడా మిషను పెట్టనేదు. రోజూ తినాల. నోరు తెరు."

తెరిచేవాణ్ణి. వానాకాలం వస్తే నా బతుకు ఇంకా అన్యాయం. తడిగడ్డి పెడితే పందులకి పొట్ట ఉబ్బుతుందని, నా చొక్కాలు తీసి పక్కన పడేసి, ఆ దండెం మీద గడ్డి ఆరేసేది. నేను తడిచొక్కా తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరితే, "నీకేటి, పొట్ట ఉబ్బదు కదా" అని ఓదార్చేది.

ఈ నమిలే పిచ్చికి వేళాపాళా ఉండేది కాదు. కోతపండుగ నాడు చర్చిలో అందరూ తెచ్చిన కాయగూరలు బల్ల ముందు పేర్చారు. ఆల్విన్ పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కరకరమని చప్పుడు. పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే, "సిస్టరమ్మగారూ, ఆమెన్ అనేదాకా ఆగండి" అన్నారు.

కాఫీ తోటల ఆఫీసరు కృష్ణమూర్తిగారు ఊరికొస్తే పెద్దలు పూలగుత్తి ఇచ్చారు. ఈవిడ అందులోంచి ఓ ఆకు తుంచి సగం కొరికి, "ఇది పనికిరాదు బాబూ, సేదు" అని మిగతా సగం ఆయన చేతిలోనే పెట్టింది. ఎక్కడ పారెయ్యాలో తెలీక ఆయన ఉపన్యాసమంతా ఆ ఆకు పట్టుకునే ఇచ్చాడు. ఒక పెళ్ళిలో అక్షింతలు వెయ్యడానికి వెళ్ళి పెళ్ళికూతురి జడలో మరువం తుంచింది. మరువం పాసైంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని కొంగులో మూట కట్టేసరికి జడ బోసిపోయింది.

పచ్చగడ్డి మాత్రం కనక తెచ్చేది. కనకకి భర్త లేడు. కొండవాలు మీద కాస్త చోడి చేను, అంటే రాగి చేను, ఆ చేను గట్టున గడ్డి. రోజూ పొద్దున్నే మోపు తెచ్చి టీకొట్టు ముందు దింపేది. అక్కణ్ణుంచి మా ఇల్లు పది అడుగులు. అయినా సిస్టరమ్మ ఆ మోపుని నేరుగా ఇంట్లోకి పోనిచ్చేది కాదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, టీ తాగేవాళ్ళు అందరూ చూస్తుండగా పరక తీసి నమిలి, "బాగున్నాది" అని గట్టిగా చెప్పి, అప్పుడు లోపలికి. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆఫీసులో, "ఏం సురేంద్రా, మీ ఓనరమ్మ మేసిందా?" అని అడిగేవారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి.

కనక గురించి ఊళ్ళో ఒక మాటుంది. నేను రాకముందు ఏడు వరహాలరావు మేకకి ఆమె పనసాకు పెట్టిందట. మర్నాటికి మేక చచ్చిపోయిందట. అప్పట్నుంచీ "కనక సెయ్యి మంచిది కాదు" అన్న మాటని వరహాలరావు టీతోపాటు ఊరికి పంచుతున్నాడు. నవ్వేసి ఊరుకునే మాటలాగే ఉంటుంది గానీ, అక్కడ చోడి నాట్లు ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇవాళ నీ చేలో అందరూ, రేపు నా చేలో అందరూ, వంతుల మీద నాటుకుంటారు. మంచిది కాదన్న చేతిని ఎవరూ తమ చేలోకి రానివ్వరు. రానివ్వరు గనక ఆమె చేలోకీ ఎవరూ వెళ్ళరు. నేను వచ్చిన ఏడు కనక ఒక్కతే వంగి వంగి సగం చేను నాటింది. మిగతా సగం బీడు పడింది. ఆ సగంతో ఏడాదంతా ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే తెలియాలి.

మరుసటేడు మళ్ళీ నాట్ల వేళ వచ్చింది. ఊళ్ళో పూజలు చేసేదీ, నాట్ల వంతులు తేల్చేదీ భీముడు అనే పెద్దాయన. ఈసారైనా కనకని వంతుల్లో కలుపుకోమని సిస్టరమ్మ ఆయన్ని అడిగింది. రెండ్రోజుల్లో చెప్తానన్నాడు. సరిగ్గా ఆ మర్నాడే టానిక్కు పడకేసింది.

పొట్ట డప్పులా ఉబ్బింది. జామముక్క పెడితే మొహం తిప్పేసుకుంది. సిస్టరమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని పొట్ట నిమురుతూ చుక్క చుక్కగా నీళ్ళు పడుతోంది. పది అడుగుల దూరంలో ఉన్న టీకొట్టుకి ఆ కబురు చేరడానికి ఎంతసేపు?

"నేను సెప్పనేదా? కనక సేతి గడ్డి!" అన్నాడు వరహాలరావు. జనం గ్లాసులు కింద పెట్టి మూగారు. కనక అప్పుడే మోపు దింపింది. దాన్ని ఎత్తుకుని వెనక్కి పోవాలో ఉండాలో తెలీక అలాగే నిలబడిపోయింది. భీముడు కూడా వచ్చాడు. గొడుగు మూసి, కనకనీ ఆమె మోపునీ మార్చి మార్చి చూశాడు. నాట్ల వంతులు తేల్చాల్సింది ఆయనే కదా, నాకు భయమేసింది.

సిస్టరమ్మ టానిక్కుని నా చేతుల్లో పెట్టి బయటికొచ్చి మోపు ముందు చతికిలబడింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. ఎప్పటిలా ఒక పరక కాదు, గుప్పెడు లాగి నోట్లో కుక్కుకుంది. అది మింగి ఇంకో గుప్పెడు. ఆ తర్వాత ఇంకోటి. బస్సొచ్చింది. అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. కండక్టరు రైట్ అనడం మర్చిపోయాడు.

"ఏటి సిస్టరమ్మా, ఆకలేత్తందా?" అన్నాడు భీముడు చివరికి.

"కనక గడ్డి బాగున్నాది అన్నా. అనుమానముంటే నువ్వూ సూడు."

భీముడు గొడుగు పక్కన పెట్టి, ఒక పరక తీసుకుని, చాలా శ్రద్ధగా నమిలాడు. ఊరంతా ఆయన దవడనే చూస్తోంది.

"ఉప్పు సాల్నేదు" అన్నాడు.

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. వరహాలరావు మాత్రం నవ్వలేదు. "అయితే ఆ పందెందుకు పడిపోనాదో సెప్పండి మరి" అన్నాడు.

ఎందుకు పడిపోయిందో ఆ ఊరి మొత్తం మీద నాకొక్కడికే తెలుసు. ముందురోజు సాయంత్రం సిస్టరమ్మ ప్రార్థన కూడికకి వెళ్ళింది. నేను గూటి పక్కన కూచుని బజ్జీలు తింటున్నాను. టానిక్కు రెండు కాళ్ళ మీద లేచి కుయ్ కుయ్‌మంది. పాపం రోజూ గడ్డేనా అనిపించి ఒకటి పెట్టాను. ఇష్టంగా తింది. రెండోదీ పెట్టాను. ఇల్లు ఖాళీ చేయిస్తుందేమోనని పొద్దుట్నుంచీ నోరు మెదపలేదు. నేను నోరు మూసుకుంటే పోయేది కనక చేను అని అప్పటికి గానీ నా బుర్రకి తట్టలేదు. సిగ్గేసింది.

"నేనే పెట్టాను" అన్నాను. "బంగాళదుంప బజ్జీలు. రెండు."

జనమంతా నావైపు తిరిగారు.

"ఏ కొట్లోవి?" అన్నాడు భీముడు.

ఊళ్ళో ఉన్నది ఒకటే కొట్టు. అందరూ ఒక్కసారిగా వరహాలరావు మూకుడు వైపు చూశారు.

"ఒరే వరహాలూ, సచ్చిపోయిన నీ మేక ఎక్కడ తిరిగేదిరా?" అన్నాడు మళ్ళీ భీముడే.

"కొట్టెనకాల."

"ఎనకాల ఏటుండేది?"

"అమ్ముడవని బజ్..." అని ఆగిపోయాడు వరహాలరావు.

అప్పుడు నవ్వారు చూడండి జనం, బస్సులోవాళ్ళు దిగి మరీ నవ్వారు. వరహాలరావు పౌరుషానికి పోయి, "నా బజ్జీకేటయ్యా, ఇదిగో నేనే తింతాను" అని ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. "అలాక్కాదు, సిస్టరమ్మలాగ గుప్పెడు తినాల!" అని అరిచారు. వదల్లేదు, నాలుగు తినిపించారు.

కనక అంతసేపూ మోపు పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు వచ్చి సిస్టరమ్మ చేతిలో గడ్డి లాక్కుంది. "సాలు ఇంక ఆపమ్మా. అంతా నువ్వే తినేత్తే వాటికేటి మిగుల్తాది?" అని మోపు నెత్తినెత్తుకుని తిన్నగా మా ఇంట్లోకి నడిచింది. భీముడు గొడుగు తీసుకుంటూ వెనక నుంచి కేకేశాడు.

"కనకా! రేపు మా సేలోకి బేగి రా. ఎల్లుండి నీ సేనుకి అందరం వత్తాం."

టానిక్కు రెండో రోజుకి లేచి కూచుంది. మూడో రోజు కనక చేను మొత్తం నాటారు. నేనూ వెళ్ళి బురదలో రెండుసార్లు పడ్డాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి సిస్టరమ్మ అరుగు మీద కూచుని వాము నములుతోంది. అంత గడ్డి తిన్న కడుపు ఇంకా కుదుటపడలేదు.

"ఇల్లు ఖాళీ చెయ్యమంటారా?" అన్నాను.

"బజ్జీ పెట్టినందుకు ఖాళీ సెయ్యించాల. అందర్ముందూ ఒప్పుకున్నావు గాబట్టి ఉండు."

"ఒక్కటడుగుతానమ్మా. ముప్పై ఏళ్ళు వీటికి మేత వేశారు కదా, నమిలితే గానీ మంచి గడ్డి ఏదో తెలీదా మీకు?"

ఆవిడ నన్ను దద్దమ్మని చూసినట్టు చూసింది. "ఆమడ దూరం నుంచి సూసి సెప్పగల్ను. అయినా మనిషి నమిల్తే పందికి మంచిదో కాదో ఎలాగ తెలుత్తాదిరా?"

"మరి ఎందుకు?"

"మేక సచ్చిపోనాక కనక గడ్డి ఎవులూ ముట్టనేదు. నేను తిని సూపిద్దామనుకున్నాను. కానీ దాని గడ్డి ఒక్కటే నమిల్తే ఏటవుతాది? దాన్ని అనుమానించినట్టే కదా. అందుకని అందరిదీ నమిలాను."

చర్చిలో కరకర, ఆఫీసరు పూలగుత్తి, పెళ్ళికూతురి మరువం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇలాంటి మనిషిని చూసి ఆఫీసులో కూచుని నవ్వానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇంక మానెయ్యొచ్చు కదమ్మా? కనక మీద మాట పోయిందిగా."

"ఇప్పుడు మానేత్తే, ఇన్నాళ్ళూ దానికోసమే తిన్నానని దానికి తెలిసిపోదూ? ఆ మొహమాటంతో మోపు తేవడమే మానేత్తాది. తినాల్సిందే" అని వాము డబ్బాకి మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్న కనక మోపు దింపింది. సిస్టరమ్మ కళ్ళజోడు పైకి తోసింది. ఆఫీసుకి వేళవుతున్నా నేనూ వెళ్ళి పక్కన నిలబడి చెయ్యి చాపాను. ఆవిడ నావైపు ఓసారి చూసి, మోపులో వెతికి వెతికి, లేత పరక ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది.